చెయ్యి కాదు, కాటా

మన ఇళ్లలో రుచికి కారణం చెప్పమంటే చాలామంది చేతినే చూపిస్తారు. ఫలానా ఆవిడ చేతి పులుసు, ఫలానా ఆయన చేతి ఆవకాయ. కొలత అడిగితే ‘చూసి వేసుకోవడమే’ అన్న జవాబొస్తుంది. అందుకే కాబోలు, కెఫేల నుంచి మెల్లగా ఇళ్లలోకి వచ్చిన పోర్ ఓవర్ కాఫీ కూడా ఈ నమ్మకంలో హాయిగా ఇమిడిపోయింది. గరాటులాంటి డ్రిప్పర్, అందులో మడిచి పెట్టిన కాగితం, కాగితంలో పొడి, పైనుంచి కొంగమెడ కెటిల్‌తో సన్నటి ధారగా గుండ్రంగా తిప్పుతూ పోసే వేడినీళ్లు. చూడ్డానికి బాగుంటుంది. చూసినవాళ్లు కిటుకంతా మణికట్టులో ఉందనుకుంటారు, అమ్మేవాళ్లకు కావలసిందీ అదే. నా వాదన దీనికి ఎదురు. చేత్తో పోసే ఈ కాఫీలో చేతి పాత్ర తక్కువ, కాటా పాత్ర ఎక్కువ. చేతి ఒడుపు ఏమాత్రం లేనివాళ్లు కూడా మంచి కాఫీ పెట్టుకోగలగడమే ఈ పద్ధతిలో ఉన్న గొప్ప.

ముందు కప్పులో ఏముందో లెక్క చూద్దాం. 15 గ్రాముల పొడి మీద 250 గ్రాముల నీళ్లు పోశామనుకోండి. పొడి తన బరువుకు రెట్టింపు నీళ్లను పట్టి ఉంచుకుంటుంది కాబట్టి కిందికి దిగేది 220 గ్రాములు. వేయించిన గింజలో నీళ్లకు కరిగే సరుకు సుమారు 30 శాతం ఉంటుంది గానీ అదంతా దించితే చేదు, వగరు తప్ప మిగలవు. గింజ బరువులో 18 నుంచి 22 శాతం దిగితే రుచి కుదురుతుందని 1950లలో ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక పటం గీసి చూపించాడు. కాఫీ వృత్తిలో ఉన్నవాళ్లకు ఇవాళ్టికీ అదే మొదటి పాఠం. 20 శాతం అనుకుంటే 15 గ్రాముల్లో దిగేది 3 గ్రాములు. రంగు, వాసన, పులుపు, తీపి, చేదు అన్నీ కలిపి కప్పులో ఉన్నది ఆ మూడు గ్రాములే, మిగతాదంతా నీళ్లు. ఇంత పలచటి ద్రవంలో పొడి రెండు గ్రాములు అటూ ఇటూ అయితే 13 శాతం తేడా వస్తుంది. చెంచా ఆ తేడాను పట్టుకోలేదు. నల్లగా వేయించిన గింజ ఉబ్బి తేలికవుతుంది, లేతగా వేయించింది గట్టిగా బరువుగా ఉంటుంది, ఒకే చెంచాలో రెండూ ఒకే బరువు తూగవు. నీళ్ల సంగతీ అంతే. పైన నురగ, కింద చుక్కలు, మధ్యలో నానుతున్న పొడి, ఇన్నింటి మధ్య ఇప్పటిదాకా ఎన్ని నీళ్లు పోశామో కంటితో చెప్పగలిగినవాళ్లు లేరు.

మన డికాక్షన్ కాఫీకి ఈ బాధ లేదు. చిక్కగా దిగితే పాలు ఇంకాస్త, పలచగా దిగితే డికాక్షన్ ఇంకాస్త, చివరికి పంచదార ఎలాగూ ఉంది. గ్లాసులో కలిపేటప్పుడు సవరించుకునే వీలుంది. చేతి మహిమ అని మనం మెచ్చుకునేది నిజానికి ఆ సవరణలోని నేర్పునే. పాలూ చక్కెరా లేని డ్రిప్పర్ కాఫీలో ఆ చోటు లేదు. మరీ చిక్కనైతే కాసిని వేడినీళ్లు కలపొచ్చు, అంతకుమించి చేయగలిగింది లేదు. తర్వాత దిద్దుకోలేనిదాన్ని ముందే తూచుకోవాలి. కాటా అవసరం ఇక్కడే పుట్టింది, పాశ్చాత్యుల చాదస్తంలోంచి కాదు.

డ్రిప్పర్ చరిత్ర చూసినా ఇదే కనిపిస్తుంది. 1908లో జర్మనీలోని డ్రెస్డెన్ పట్టణంలో మెలిట్టా బెంట్జ్ అనే గృహిణి ఒక ఇత్తడి గిన్నె అడుగున మేకుతో చిల్లులు పొడిచి, కొడుకు నోటుపుస్తకంలోని అద్దుడు కాగితం పరిచి, అందులో కాఫీ దించింది. అంతకుముందు మడ్డి కిందికి పేరుకునేదాకా ఆగడం, కదలకుండా వంపుకోవడం తెలిసుండాలి. ఆ నేర్పుతో పని లేకుండా చేసింది ఆ కాగితం ముక్క. అదే ఏడు ఆమె హక్కులు నమోదు చేయించుకుని వ్యాపారం మొదలుపెట్టింది. తర్వాత 1941లో అమెరికాలో కెమెక్స్ తయారుచేసిన పీటర్ ష్లుంబోమ్ రసాయన శాస్త్రవేత్త, ప్రయోగశాల గరాటునూ గాజు ఫ్లాస్కునూ ఒకటిగా కలిపేశాడు. ఇవాళ అన్నింటికన్నా పేరున్న వీ60 డ్రిప్పర్‌ను తెచ్చిన జపాన్ కంపెనీ హారియో కూడా 1921లో ప్రయోగశాల గాజు సామానుతోనే పుట్టింది. అంటే ఈ వస్తువుకు పుట్టిళ్లు రెండు, వంటిల్లూ ప్రయోగశాలా. కళాకారుడి అంగడి ఆ జాబితాలో లేదు. 2016లో డబ్లిన్‌లో ప్రపంచ బ్రూయర్స్ కప్ గెలిచిన జపాన్ బారిస్టా తెత్సు కసుయా పద్ధతి కూడా మణికట్టు విన్యాసంగా ప్రచారంలోకి రాలేదు, అంకెలుగా వచ్చింది. 20 గ్రాముల బరక పొడి, 300 గ్రాముల నీళ్లు, 60 చొప్పున ఐదు విడతలు, విడతకూ విడతకూ మధ్య 45 సెకన్లు. మొదటి రెండు విడతల్లో పులుపు, తీపి. మిగిలిన మూడింట్లో చిక్కదనం. అది ఆయన చేతిలోనే ఉండిపోయే విద్య అయితే గాజువాకలో ఉన్నవాడికి అందేదే కాదు.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం: మన నాయనమ్మలు ఏ కాటా చూసి ఫిల్టర్ వేశారు? రోజూ ఒకే రుచి వచ్చేది కదా? వచ్చేది. ఎందుకొచ్చేదంటే వాళ్ల ఇంట్లో కొలత కానిదంటూ లేదు. ఫిల్టర్ పైగిన్నె ఒక కొలత, పొడి వేసే గరిటె ఒక కొలత, నీళ్లు కాగే చెంబు ఒక కొలత. పొడి ఏళ్ల తరబడి ఒకే కొట్లోంచి, ఒకే పాళ్లలో, ఒకే మరలో పట్టించి వచ్చేది. పావు వంతు చికోరీ అంటే నెలనెలా పావు వంతే. అన్నీ స్థిరంగా ఉన్నచోట కన్ను చాలు. డ్రిప్పర్ పెట్టుకున్నవాళ్ల తీరు వేరు. ఈ నెల అరకు గింజ, వచ్చే నెల చిక్కమగళూరు, ఆపై ఎవరో తెచ్చిచ్చిన ఇథియోపియా. ఒక్కోటి ఒక్కోలా వేయించింది. సరుకు మారుతూ ఉంటే పాత అలవాటు దారి తప్పిస్తుంది. నాయనమ్మ పద్ధతిని నిజంగా పాటించాలంటే ఆమె స్థిరంగా ఉంచినవాటిని మనమూ స్థిరంగా ఉంచాలి, మన ఇంట్లో ఆ పని కాటాతోనే అవుతుంది. ఇంకోమాట, ఫిల్టర్‌కు పట్టించిన పొడి తెచ్చి డ్రిప్పర్‌లో వేయకండి. అది మరీ సన్నం, కాగితం బిగుసుకుపోయి నీళ్లు కదలవు. చికోరీ కలిపిన పొడీ వద్దు. చట్టం ప్రకారం అలాంటి మిశ్రమంలో కాఫీ 51 శాతం ఉంటే చాలు, మిగతా సగానికి గింజ పేరూ ఊరూ ఏం చెబుతుంది?

రెండో అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. ఒకే 15 గ్రాములు, ఒకే 250 గ్రాములు, అయినా ఇద్దరు పోస్తే రెండు రుచులు వస్తాయి, అది చేతి తేడా కాకపోతే మరేమిటి? ఇందులో నిజముంది. నీళ్లు దిగిపోయాక కాగితంలో మిగిలిన పిప్పిని వంగి చూస్తే తెలుస్తుంది. సమంగా పోసిన చోట అడుగు చదునుగా, తడి మట్టి తట్టినట్టు ఉంటుంది. ఎత్తు నుంచి ఒకే చోట గుమ్మరించిన చోట మధ్యలో గుంట పడి, పొడి అంచులకు ఎగబాకి, అక్కడే ఎండిపోయి ఉంటుంది. గుంటలోంచి నీళ్లు తొందరగా జారిపోయాయి, గోడకు అంటుకున్న పొడి సరిగ్గా తడవనే లేదు. ఒకే కప్పులో పుల్లదనమూ చేదూ రెండూ కలిసొచ్చేది ఇలాంటప్పుడే. కాబట్టి చెయ్యి లెక్కలోకి రాదనడం లేదు. కానీ ఆ లోపం చెయ్యిదని ఎలా తెలిసింది? పొడీ నీళ్లూ సమయమూ మారలేదని ముందే తెలుసు కాబట్టి. తూచనివాడికి కాఫీ బాగుండకపోతే కారణం గింజో, మరో, నీళ్లో, మణికట్టో తేలదు, రేపు ఇంకో యూట్యూబ్ వీడియో చూస్తాడు. తూచినవాడు ఒకటే మారుస్తాడు. రెండు నిమిషాల్లోపే అంతా దిగిపోయి పల్చటి పులుపు వస్తే పొడి ఇంకాస్త సన్నం, ఐదు నిమిషాలు పట్టి నాలుక మీద వగరు మిగిలితే ఇంకాస్త బరక. మిక్సీలో పట్టిన పొడితో మాత్రం ఈ దిద్దుబాటు కుదరదు. అందులో దుమ్మూ పలుకులూ కలిసే ఉంటాయి, దుమ్ము చేదెక్కేసరికి పలుకులింకా పులుపు దగ్గరే ఉంటాయి.

పైగా చేతి మీద ఎంత భారం వేయాలో మనం కొనే డ్రిప్పరే నిర్ణయిస్తుంది. వీ60కి కింద ఒకటే పెద్ద రంధ్రం, నీళ్లను ఆపే శక్తి దానికి లేదు, వేగమంతా పొడి మీదా పోసే తీరు మీదా ఆధారపడుతుంది. అడుగు చదునుగా ఉండి మూడు చిన్న చిల్లులున్న కలీటా వేవ్ కొంత భారం తానే మోస్తుంది. కింద మీట ఉండి, తెరిచేదాకా నీళ్లను నిలిపి ఉంచే డ్రిప్పర్లయితే చేతికి పనే లేదు. పొడి వేసి, నీళ్లు పోసి, మూడు నిమిషాలు ఆగి, మీట తీయడమే. ఆ కాఫీ కూడా బాగుంటుంది. ఇంట్లో మొదటిసారి పెట్టుకునేవాళ్లు వీ60తోనే మొదలుపెట్టాలన్న పట్టుదల నాకు అర్థం కాదు. అసలు అంకెలే ముఖ్యమైతే కరెంటు మిషను కొనుక్కోవచ్చుగా అనేవాళ్లకు కూడా కాదనను, మంచి మిషను ఈ పని చక్కగా చేస్తుంది. ఒక్క కప్పు కోసం అంత డబ్బు పెట్టలేనివాళ్లకు, ఏది మారిస్తే ఏమవుతుందో చూడాలనుకునేవాళ్లకు డ్రిప్పర్.

డబ్బు మాట వచ్చింది కాబట్టి, ఖర్చు ఎక్కడ పెట్టాలన్నదీ ఈ వాదనలోంచే తేలుతుంది. డిగ్రీ డిగ్రీ చూపించే కెటిళ్ల మీద మోజు ఎక్కువ. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పరిశోధకులు 2020లో ఒక ఫలితం ప్రచురించారు. చిక్కదనమూ గింజలోంచి దిగిన శాతమూ సమానంగా ఉంచితే, 87, 90, 93 డిగ్రీల్లో ఏ వేడితో దించినా రుచి చూసేవాళ్లకు పెద్ద తేడా తెలియలేదు. వేడితో పనే లేదని దీని అర్థం కాదు, మిగతావేవీ మార్చకుండా వేడి తగ్గిస్తే దిగేది తగ్గుతుంది. కానీ అసలు పట్టుకోవలసింది ఎంత దిగిందన్నది, దాన్ని పొడి సన్నదనంతో కూడా సరిచేసుకోవచ్చు. హైదరాబాదు ఎత్తుకు నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మరిగిన నీళ్లు దించి, కాసేపాగి పోసుకుంటే ఇంటికి చాలు. పింగాణీ డ్రిప్పర్ అందంగా ఉంటుంది గానీ ముందే వేడి చేయకపోతే నీళ్ల వేడి అదే లాగేసుకుంటుంది, కొన్ని వందల్లో వచ్చే ప్లాస్టిక్‌ది అంత లాగదు. వంటింటి కాటా కూడా వందల్లోనే వస్తుంది. మిగిలిందంతా చేతి మర మీద పెట్టాలి.

ఇన్ని అంకెలు రుచిని చంపేస్తాయన్నది చివరి అభ్యంతరం. అంకె చెప్పేది ఎలా రాబట్టాలన్నదే, ఏది నచ్చాలన్నది కాదు. లాక్‌హార్ట్ పటంలో ‘ఆదర్శం’ అని గుర్తుపెట్టిన గడి ఆనాటి అమెరికన్ల ఇష్టం, అందరి నాలుకలూ ఆ గడిలో లేవని తర్వాతి పరిశోధనలే చూపించాయి. డికాక్షన్‌కు అలవాటుపడ్డ మన నోటికి 1:16 పాళ్లు నీళ్లలా అనిపిస్తే 1:13 పెట్టుకోవడంలో తప్పేముంది? రేపు మళ్లీ అదే కప్పు కావాలంటే 13 అని గుర్తుండాలి, అంతే. మన్యంలో ఈ గింజ పండించేవాళ్లు ఊహ మీద పని చేయరు. అరకు, పాడేరు, చింతపల్లి కొండల మీద సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల పక్కన పెరిగిన చెట్ల నుంచి ఎర్రబడిన పండునే ఏరాలి. తొక్క తీసి, గంటలు లెక్కపెట్టుకుంటూ పులియబెట్టి, కడిగి, గింజలో తేమ పదకొండు శాతం దరిదాపులకు వచ్చేదాకా ఎండబెట్టాలి. ఆ శ్రమతోనే అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంత దూరం తూకంతో, గడియారంతో వచ్చిన గింజకు మన గట్టు మీదికి రాగానే గుప్పిట కొలత పెట్టడం అన్యాయంగా తోస్తుంది నాకు. మొదట ముప్పై, నలభై గ్రాముల నీళ్లు పోసి ఆగినప్పుడు పొడి బుసబుసమని పొంగి బుడగలు పగిలితే అది ఈమధ్య వేయించిన గింజ, లోపలి వాయువు ఇంకా మిగిలుంది. తడిసి ఊరుకుంటే ప్యాకెట్టు మీద ఎంత అందమైన కొండ బొమ్మ ఉన్నా పాత సరుకే.

అంకె దారి తప్పించే చోటు ఒకటుంది, అది నీళ్లు. ఫ్లాట్లలో ఆర్.ఓ. బిగించడానికి వచ్చినవాళ్లు టీడీఎస్ మీటరు ముంచి ఒక సంఖ్య చూపిస్తారు, దాన్ని చూసి కాఫీకి నీళ్లు ఎంచుకునేవాళ్లున్నారు. ఆ సంఖ్య కరిగినవాటి మొత్తాన్నే చెబుతుంది, ఏవేవి కరిగాయో చెప్పదు. కాఫీ రుచిని గింజలోంచి లాగడానికి కాల్షియం, మెగ్నీషియం కొంత కావాలి, బైకార్బొనేట్ ఎక్కువైతే గింజలోని మంచి పులుపును చంపి కప్పును సున్నపునీళ్ల రుచికి దించుతుంది. బోరు నీళ్లలో రెండూ దండిగా ఉంటాయి, ఆర్.ఓ. రెండింటినీ ఊడ్చేస్తుంది. అందువల్ల ఆర్.ఓ. నీళ్లలో కొంచెం మామూలు నీళ్లు కలిపి చూడటం మంచి ఉపాయం, ఎంత కలపాలన్నది మాత్రం మీ వీధి బోరును బట్టి ఉంటుంది. కాఠిన్యమూ క్షారతా విడివిడిగా చూపే చుక్కమందు సీసాలు కాఫీ సామాన్ల దుకాణాల్లో కనిపించవు గానీ, చేపల తొట్టెలు అమ్మే దుకాణంలో అడిగితే ఇస్తారు.