కత్తెర కూడా పిల్లల చేతికే

1993లో షికాగో నగరపు దక్షిణ భాగంలో, ఐడా బి. వెల్స్ అనే ప్రభుత్వ గృహసముదాయం పరిసరాల్లో పెరుగుతున్న ఇద్దరు నల్లజాతి కుర్రాళ్ల చేతికి డేవిడ్ ఐసే అనే రేడియో నిర్మాత టేప్ రికార్డర్లు, మైకులు ఇచ్చాడు. లీయాలన్ జోన్స్‌కి అప్పటికి 13 ఏళ్లు, లాయిడ్ న్యూమన్‌కి 14. పది రోజుల పాటు వాళ్లు తమ ఇంటినీ, వీధినీ, బడికి వెళ్లే దారినీ రికార్డు చేశారు. ‘గెట్టో లైఫ్ 101’ పేరుతో దాదాపు అరగంట నిడివిలో తయారైన ఆ కార్యక్రమాన్ని నేషనల్ పబ్లిక్ రేడియో దేశమంతటా ప్రసారం చేసింది. ఆ పేటకు విలేకరులు అంతకుముందు రాకపోలేదు. కాల్పులు జరిగినప్పుడల్లా వచ్చేవారు, పోలీసు అధికారితో మాట్లాడి వెళ్లేవారు. కానీ తాగుడుకు బానిసైన తండ్రిని కొడుకు అడగగలిగిన ప్రశ్న ఏ విలేకరీ అడగలేడు. కన్నతండ్రిని ఎన్నడూ చూడని పిల్లవాడు తల్లి ఎదుట కూర్చుని ఆయన గురించి అడిగే ప్రశ్న అసలే అడగలేడు. ఈ రెండు సంభాషణలూ ఆ కార్యక్రమంలో ఉన్నాయి. అమెరికాలో యువ రేడియోకు అంతకుముందే పునాదులు పడ్డా, పిల్లలే నిర్మాతలైతే రేడియో ఎంత దూరం వెళ్లగలదో శ్రోతలకు గట్టిగా తెలిసింది ఇక్కడే.

ఇలాంటి ప్రయత్నాలను మెచ్చుకునేవాళ్లు సాధారణంగా పిల్లల గొంతు వినిపించిందని సంతోషిస్తారు. ఆ మెప్పు సగం దారిలో ఆగిపోతుంది. పిల్లల గొంతు రేడియోలో వినిపించడం తెలుగువాళ్లకు కొత్త విషయమేమీ కాదు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా పేరుపడిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసులోనూ తర్వాత హైదరాబాదులోనూ ఆకాశవాణి బాలల కార్యక్రమాలకు ప్రాణం పోశారు. ఎందరో పిల్లలకు మైకు ముందు బెరుకు పోగొట్టిన ఆ కృషిని తక్కువ చేయకూడదు. అయితే ఆటపాటలు, నాటికలు ప్రధానమైన ఆ పద్ధతిలో ఏది ప్రసారం కావాలన్న తీర్పు పెద్దలది, పిల్లలు పాల్గొనేవాళ్లు. షికాగో కుర్రాళ్లతో బలపడిన సంప్రదాయం ఈ ఏర్పాటును మార్చడానికి పూనుకుంది. ఎవరిని కలవాలి, ఏం అడగాలి, రికార్డయిన దాంట్లో ఏది ఉంచి ఏది కోయాలి అన్న తీర్పులో పిల్లలకు వాటా ఇచ్చింది. దాని విలువంతా ఆ వాటాలోనే ఉందని నా అభిప్రాయం. ఆ వాటా ఎంత పెద్దదైతే కార్యక్రమం అంత నిజమైనదవుతుంది. అది లేనప్పుడు ఎంత చక్కటి పసిగొంతు వినిపించినా ఆ కార్యక్రమం పెద్దలదే.

ఈ పద్ధతిలోని మెలకువలన్నీ ఆ తీర్పు చెప్పే శక్తిని పెంచేందుకే పుట్టాయి. 1996లో రేడియో నిర్మాత జో రిచ్‌మన్ మొదలుపెట్టిన ‘టీనేజ్ డైరీస్’ సంగతే చూడండి. న్యూయార్క్, అలబామా, టెక్సాస్ సరిహద్దు వంటి చోట్ల ఉన్న పిల్లలకు రికార్డర్లు ఇచ్చి, నెలల తరబడి వాళ్ల దగ్గరే ఉంచారు. తన అదుపులో లేని కదలికలు, శబ్దాలు తెచ్చే టూరెట్ సిండ్రోమ్ ఉన్న కుర్రాడు, పసిబిడ్డను పెంచుతున్న అమ్మాయి, సరిహద్దు నది దాటి వచ్చిన వలస పిల్లవాడు తమ రోజుల్ని తామే నమోదు చేసుకున్నారు. అంత గడువు ఎందుకంటే, మొదటి వారం ఎవరైనా మైకు కోసం మాట్లాడతారు. రికార్డర్ ఇంట్లో సామానులో కలిసిపోయాకే అసలు మాటలు మొదలవుతాయి. పగలు ఇతరులతో జరిగిన సంభాషణలు ఒక రకం, రాత్రి గది తలుపు వేసుకుని ఒంటరిగా మైకుతో చెప్పుకునే మాటలు మరో రకం. డైరీ ఈ రెంటినీ పక్కపక్కన పెడుతుంది. తండ్రి ముందు గొంతు పెగలని పిల్లవాడు రాత్రి ఆ మౌనానికి కారణం చెబితే, శ్రోతకు రెండూ దొరుకుతాయి. పెద్దల ఇంటర్వ్యూకి అందని లోతు ఇది.

చిన్నవిగా కనిపించే నియమాలు కూడా ఇలాంటివే. మైకు నోటికి బెత్తెడు దూరంలో ఉండాలి, దాన్ని ఎదుటివాళ్ల చేతికి ఇవ్వకూడదు. దగ్గర పెడితే మనిషి గొంతు, ఊపిరి శ్రోత చెవి పక్కనే ఉన్నట్టు వినిపిస్తాయి, గది గోల వెనక్కి తగ్గుతుంది. ఎదుటివాళ్లు మాట్లాడుతున్నప్పుడు ‘ఊఁ’ కొట్టకూడదు, తల మాత్రమే ఊపాలి. ఊకొట్టే శబ్దం మాట మీద పడితే తర్వాత విడదీయడం కుదరదు. మాటకు ఊకొట్టడం మర్యాదగా పెరిగిన మన పిల్లలకు ఇదే అన్నింటికన్నా కష్టమైన పాఠం కావచ్చు. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నలు వేయకూడదు. ‘మీకు బాధేసిందా’ అని అడిగితే ఒక్క మాటే జవాబు. ‘ఆ రోజు పొద్దున్నుంచి ఏం జరిగిందో చెప్పండి’ అంటే కథ వస్తుంది. జవాబు అయిపోయిందనిపించాక మరి కొన్ని క్షణాలు నోరు మూసుకుని ఆగాలి. ఎదుటి మనిషి దాచుకున్న మాట ఆ ఖాళీలోనే బయటికొస్తుంది. ఎక్కడ రికార్డు చేసినా, ఎవరూ మాట్లాడని ఒక నిమిషం పాటు ఆ గది శబ్దాన్ని విడిగా పట్టుకోవాలి. ఫ్యాను చప్పుడు, వీధిలో బండి, పక్కింటి కుక్కర్ ఈల లాంటివి లేకపోతే మాటకు మాటకు మధ్య వేసిన అతుకు చెవికి తెలిసిపోతుంది. రిచ్‌మన్ సంస్థ రేడియో డైరీస్ ఇలాంటి సూచనలను పిల్లల కోసం ఒక చిన్న కరదీపికగా అచ్చువేసింది.

ఇంతవరకూ వచ్చింది సేకరణే. పిల్లల చేతిలోని పదుల గంటల రికార్డింగు పావుగంటో ఇరవై నిమిషాలో కావాలి. తను రికార్డు చేసిందంతా మొదటి నుంచి చివరిదాకా వినడం, విన్నదాన్ని కాగితం మీదకు ఎక్కించడం, ఏ వాక్యం తన కథకు అవసరమో తేల్చడం ఇక్కడి పని. ఈ పని చేసే పిల్లవాడికి తన గొంతు పరాయి మనిషి గొంతులా వినిపిస్తుంది. తను ఎక్కడ అబద్ధమాడాడో, ఎక్కడ అమ్మ మాటకు అడ్డుపడ్డాడో, ఏ ప్రశ్న వేయడానికి వెనుకాడాడో తనకే తెలుస్తుంది. బడిలో రాసే వ్యాసం ఇది నేర్పలేదు. వ్యాసంలో పిల్లవాడు వినిపించేది ఒక్క గొంతే, అదీ ఉపాధ్యాయుడికి నచ్చే గొంతు. రికార్డింగులో ఎదుటి మనిషి మాట ఉంది, దాన్ని మార్చి రాసే వీలు లేదు. దాన్ని ఉంచాలి, లేదా కోయాలి. కోస్తే ఆ మనిషికి న్యాయం చేస్తున్నామా అని ఆలోచించాలి. పదిహేనేళ్ల వయసులో ఒకరి మాటకు బాధ్యత వహించడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి సాధన నాకు కనిపించదు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. చివరికి టేపు కోసింది పెద్దవాళ్లేగా, ‘గెట్టో లైఫ్ 101’ కూడా తెల్లజాతి నిర్మాత చేతుల మీదుగానే బయటికొచ్చింది కదా, పేద పిల్లల కష్టాన్ని సుఖంగా కూర్చున్న శ్రోతలకు వడ్డించడం కాదా ఇది అని. కొట్టిపారేయదగ్గ మాట కాదు. ఐసే అనుభవం, ఆయనకున్న పరిచయాలు లేకుండా ఆ కార్యక్రమం దేశానికి వినపడేది కాదు. అయితే ఆ కుర్రాళ్ల కథ అక్కడ ఆగలేదు. 1994లో అదే గృహసముదాయంలో ఎరిక్ మోర్స్ అనే ఐదేళ్ల పసివాణ్ని పద్నాలుగో అంతస్తు కిటికీలోంచి పదేళ్ల, పదకొండేళ్ల వయసున్న ఇద్దరు బాలురు కిందికి పడేశారు. దేశమంతా ఆ వార్తను చెప్పుకుంది. లీయాలన్, లాయిడ్ మళ్లీ రికార్డర్లు పట్టుకుని, పసివాడి మరణం వెనకున్న ఇళ్లనూ మనుషులనూ వెతికారు. ఆ పరిశోధన 1996లో ‘రిమోర్స్’ పేరుతో ప్రసారమై, ప్రసార రంగంలో పేరున్న పీబాడీ పురస్కారం అందుకుంది. మొదటి కార్యక్రమంలో తమ కథ చెప్పుకున్న పిల్లలు, రెండోదానికి వచ్చేసరికి తమ పేట తరఫున ప్రశ్నలు వేసే విలేకరులయ్యారు. పెద్దల చేయి ఉన్నంత మాత్రాన పిల్లల నిర్ణయం మాయం కాదని ఇది చూపుతుంది. ఆ చేయి ప్రతి కార్యక్రమానికీ కొంత వెనక్కి తగ్గుతోందా లేదా అన్నదే చూడాలి.

కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 1990ల మొదట్లో ఎలిన్ ఓలియరీ నెలకొల్పిన యూత్ రేడియో ఈ వెనక్కి తగ్గడాన్నే ఒక పద్ధతిగా మలిచింది. అక్కడ శిక్షణ పూర్తిచేసిన పిల్లలే తర్వాతి బృందానికి నేర్పుతారు. వృత్తి నిర్మాతలు పిల్లల పక్కన కూర్చుని ఒకే కథ మీద పనిచేస్తారు. ఆ సంస్థలో ఎన్నో ఏళ్లు పనిచేసిన లిసా సోప్ దీన్ని సహోద్యోగుల మధ్య సాగే చదువుగా వివరించింది. పిల్లలు లేకపోతే పెద్దలకు కథ దొరకదు, పెద్దలు లేకపోతే పిల్లలకు ప్రసార స్థాయి నైపుణ్యం అందదు. ఒకరికొకరు నిజంగానే అవసరమైన ఈ స్థితిలో గురువు పెత్తనం తనంతట తనే తగ్గుతుంది. వైఆర్ మీడియాగా పేరు మార్చుకున్న ఆ సంస్థలో ఇప్పుడు రేడియోతో పాటు సంగీతం, రాత, డిజిటల్ పనులూ సాగుతున్నాయి.

మరో అభ్యంతరం పిల్లల భద్రత గురించి. పదిహేడేళ్లకు చెప్పుకున్న మాట ముప్పై ఏళ్లకు వెంటాడుతుందేమో అన్న భయం న్యాయమైనదే. దక్షిణాఫ్రికాలోని ఖాయలిచాకు చెందిన తెంబి ఎన్‌గుబానే పంతొమ్మిదేళ్లకు రిచ్‌మన్ ఇచ్చిన రికార్డర్‌తో ఎయిడ్స్‌తో తన జీవితాన్ని ఏడాదికి పైగా రికార్డు చేసింది. తన జబ్బు గురించి తండ్రికి చెప్పిన క్షణం కూడా ఆ టేపులో ఉంది. 2006లో అది ప్రసారమైంది. ఎయిడ్స్ గురించి నోరు విప్పడమే కష్టమైన సమాజంలో ఆమె పేరు దాచుకోలేదు, అమెరికా దాకా వెళ్లి మాట్లాడింది. 2009లో క్షయతో చనిపోయింది. ఆమె చేసింది సాహసం, అందులో సందేహం లేదు. అలాంటి సాహసం ప్రతి పిల్లవాడి నుంచీ ఆశించడం మాత్రం అన్యాయం. అందుకే ప్రసారానికి ముందు పూర్తి కార్యక్రమాన్ని ఆ పిల్లలకు వినిపించి, వద్దనుకున్న భాగాన్ని కారణం చెప్పకుండానే తీయించే హక్కు వాళ్లకు ఉండాలి. ఇంట్లో మనుషుల గొంతులకూ అదే వర్తించాలి. కత్తెర పిల్లల చేతిలో ఉండాలన్న వాదనలో అత్యవసరమైన భాగం ఇదే. చెప్పకుండా ఉండే హక్కు లేనిచోట చెప్పే హక్కుకు అర్థం లేదు.

చేతిలో ఫోను ఉన్న పిల్లలందరూ ఇప్పుడు ప్రసారకర్తలే, వాళ్లకు ప్రత్యేకంగా రేడియో ఎందుకు అంటారు కొందరు. కానీ ఫోనులో తీసే రీలు నిమిషంలో తయారై నిమిషంలో పోతుంది, దాంట్లో తిరిగి వినాల్సిన అవసరం రాదు. ఎదుటి మనిషిని అడిగి, అతని జవాబుతో తన అభిప్రాయం మార్చుకునే చోటు అక్కడ తక్కువ. నేషనల్ పబ్లిక్ రేడియో విద్యార్థుల కోసం పెట్టిన పాడ్‌కాస్ట్ పోటీలో 2019లో తొలిసారి గెలిచిన రెండు బృందాలను చూస్తే తేడా తెలుస్తుంది. బ్రాంక్స్‌కు చెందిన మిడిల్ స్కూలు అమ్మాయిలు నెలసరి గురించి పెద్దలు గుసగుసలాడటాన్ని ప్రశ్నించారు. టెనెసీ రాష్ట్రంలోని ఎలిజబెత్‌టన్ హైస్కూలు పిల్లలు, 1916లో తమ పొరుగు పట్టణం ఎర్విన్‌లో సర్కస్ ఏనుగు మేరీని రైల్వే క్రేనుకు ఉరితీసిన సంగతిని తవ్వి తీశారు. ఒక ఊరు వందేళ్లుగా మోస్తున్న సిగ్గునూ, దాన్ని కడుక్కోవడానికి ఇప్పటివాళ్లు పడుతున్న తపననూ కొద్ది నిమిషాల్లో వినిపించారు. అలాంటి కథకు రుజువు కావాలి, మనుషులు కావాలి, ఓపిక కావాలి.

తెలుగు నేల మీద దీనికి దారి ఇప్పటికే కొంత పడింది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళలు 2008 నుంచి సంఘం రేడియో నడిపారు. పెద్ద చదువులు లేని గ్రామీణ స్త్రీలు రికార్డింగు, ఎడిటింగు, ప్రసారం అన్నీ తామే చేయగలరని దానితో రుజువైంది. వాళ్లు చేయగలిగింది తొమ్మిదో తరగతి పిల్లలు చేయలేరనడానికి కారణం లేదు. కమ్యూనిటీ రేడియోకు లైసెన్సు కావాలి, సొంతంగా వార్తలు ప్రసారం చేసే అనుమతి దానికి లేదు. పాడ్‌కాస్టుకు లైసెన్సు అవసరం లేదు, ఒక ఫోను, ఉచితంగా దొరికే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, దుప్పట్లు వేలాడదీసిన గది చాలు. పదో తరగతి మార్కుల ఒత్తిడిలో దీనికి తీరిక ఎక్కడుందని అడిగే ప్రధానోపాధ్యాయులకు ఒక్క జవాబు చాలు. అరగంట సంభాషణను విని, రాసి, కుదించి, దానికి వ్యాఖ్యానం రాసే పిల్లలు తెలుగు పరీక్షకు కావలసిన సాధన చాలా భాగం అక్కడే చేస్తారు.

ఆకాశవాణి తెలుగు కేంద్రాలు నెలకో అరగంట హైస్కూలు పిల్లలకు కేటాయించాలి. ఆ అరగంటకు పెద్దలు పాట నేర్పి పంపకుండా, పిల్లలే ఊళ్లోకి వెళ్లి రికార్డు చేసుకురావాలి. ఎడిటింగ్ గదిలో వాళ్ల పక్కన ఒక అనుభవజ్ఞుడు కూర్చోవాలి. ఏది ఉంచాలన్న చివరి మాట మాత్రం పిల్లలదే కావాలి. రేడియో కేంద్రం దూరమైన బళ్లలో తెలుగు ఉపాధ్యాయులు ఒక ఫోనుతో ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.