ఉండే హక్కు: సీమ వలస సాహిత్య విమర్శకు ఒక ప్రశ్న

రాయలసీమ కథపై విమర్శ వలసను ప్రధానంగా కరువు ఫలితంగానే చూసింది. కేతు విశ్వనాథరెడ్డి తరం చిత్రించిన కడప, కర్నూలు పల్లెలకు ఆ కొలమానం సరిపోతుంది. విదేశీ వలసకు మాత్రం ‘ఎందుకు వెళ్లారు’ అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ‘ఏ హక్కుతో ఉండగలరు’ అని కూడా అడగాలి.

ఉమ్మడి కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లిన శ్రామికుల నివాసం కఫాలా పద్ధతిలో యజమాని పూచీపై ఆధారపడి ఉంటుంది. ఎన్నేళ్లు పనిచేసినా అది శాశ్వత నివాసంగా మారదు. కెనడాలో 1998లో మొదలైన ప్రావిన్సుల నామినీ విధానం ఇందుకు భిన్నం. అక్కడ మానిటోబా వంటి ప్రావిన్సు తన అవసరాలను బట్టి అభ్యర్థిని ప్రతిపాదిస్తుంది. శాశ్వత నివాసాన్ని ఫెడరల్ ప్రభుత్వం మంజూరు చేస్తుంది. అది దక్కినవారికి ఏ ప్రావిన్సుకైనా వెళ్లి బతికే హక్కు రాజ్యాంగపరంగానే ఉంది.

అయితే ఈ ఎంపిక సమానత్వం కాదు. చదువు, భాష, వృత్తి నైపుణ్యం కొలిచే చోట ఇంటిపనికి వెళ్లిన స్త్రీకి ప్రవేశం దుర్లభం. ఒకే ఊరి నుంచి కదిలినా ఇంజనీరుకు తిరిగిరావడం ఒక ఐచ్ఛికం, ఆమెకు అది చట్టం విధించిన గడువు. కనుక మొదటివారి కథలో ఊరు జ్ఞాపకంగానూ, రెండవవారి కథలో అనివార్యమైన గమ్యంగానూ కనిపించడం సహజం. ఈ రెంటినీ ‘డయాస్పోరా’ అన్న ఒకే పేరుతో చదివే విమర్శ, వాటి మధ్యనున్న వర్గభేదాన్ని మరుగుపరుస్తుంది.