కూలి: మనిషా, పైకమా?

హత్నూరలో ఆడవాళ్లు పొద్దున్నే సద్ది కట్టుకుని "కూలికి పోతున్న" అంటారు. ఇక్కడ కూలి అంటే మనిషి కాదు, చేసిన పనికి రావలసిన పైకం. తమిళంలోనూ అంతే. ఈ అర్థాన్ని మన సాహిత్యం పట్టించుకోలేదనిపిస్తుంది.

ఇంగ్లీషు 'కూలీ'కి మూలం ఈ ద్రావిడ పదమేనని కొందరు, గుజరాత్‌లోని కోలీ కులం పేరని కొందరు అంటారు. బానిస అనే అర్థమున్న తుర్కీ మాట 'కుల్'ని చూపేవారూ ఉన్నారు. చైనీయులు ఈ ధ్వనికి 'కు', 'లీ' అనే రెండు అక్షరాలు ఎంచుకున్నారు. వాటి అర్థం చేదు, బలం. 1860లో మద్రాసు నుంచి 'ట్రూరో' ఓడలో మనవాళ్లు నాటాల్ చెరకు తోటలకి వెళ్లారు. దక్షిణాఫ్రికాలో ఆ మాట తిట్టయింది. మూలం ఏదైనా, ఈ ప్రయాణంలో పైకం జారిపోయి ఒళ్లు మాత్రం మిగిలింది.

మన కథల్లోనూ అదే జరిగింది. కూలి స్త్రీ కన్నీళ్ల గురించి నేనూ రాశాను. సాయంత్రం ఆమె చేతికెంత వచ్చిందో రాయలేదు. 'ఆడకూలి' అన్నప్పుడు ఆ మాటలో మనిషీ ఉంది, మగకూలి కన్నా తక్కువ రేటూ ఉంది. 1976లో సమాన వేతన చట్టం వచ్చినా ఆ రెండు రేట్లు పోలేదు. పొలంలో ఎంత, కంపెనీలో ఎంత, అసలు కూలే లేని ఇంటి చాకిరీ ఎన్ని గంటలు? జాలిపడేముందు ఇవి అడగాలి. ఈసారి కథ రాస్తే ఆ లెక్కతోనే మొదలుపెడతాను.