ఆహార ప్రశ్నావళులు: ఆకుకూరల లెక్క

నిన్నటి రాత్రి భోజనమున ఏమి వడ్డింపబడెనో ఎవరైనను చెప్పగలరు. గడచిన సంవత్సరమున వారమునకెన్ని మారులు తోటకూర తింటిరని యడిగినచో తడబడని వారరుదు. అయినను ఆహారమునకును వ్యాధులకును గల సంబంధమును విచారించు శాస్త్రజ్ఞులు పెక్కుచోట్ల ఈ రెండవ ప్రశ్ననే ఆధారముగా గైకొనుచున్నారు. పద్ధతి సులభమైనది. ఆహారపదార్థముల జాబితా నొకదానిని ముందుంచి, ఒక్కొక్కదానిని ఎంత తరచుగా, ఎంత పరిమాణమున తినుచున్నారో గుర్తింపజేయుదురు. ఆ సమాధానమును ఆహార విశ్లేషణ పట్టికలోని అంకెతో గుణించినచో దినమునకిన్ని మిల్లీగ్రాములని లెక్క తేలును. 1985లో విల్లెట్ మొదలగువారు అమెరికాలో ప్రకటించిన 61 పదార్థముల ప్రశ్నావళి ఈ మార్గమునకు గొప్ప వ్యాప్తి గలిగించినది. వారు 173 మంది నర్సులచేత వారము చొప్పున నాలుగు పర్యాయములు తినినదెల్ల వ్రాయించి, దానితో తమ ప్రశ్నావళిని సరిచూచుకొనిరి. అంతటి శ్రద్ధ తరువాతి వారందరియందును కానరాదు.

కొవ్వు, పిండిపదార్థము మున్నగువాని విషయమున ఈ లెక్క కొంతవరకు నిలుచును. మొక్కలకు రంగును వగరును గలిగించు ఫ్లేవనాయిడులు, కెరోటినాయిడులు మొదలగువాని కడకు వచ్చునప్పటికి పునాది కదలును. నీరుల్లినే చూడుడు. అందలి క్వెర్సిటిన్ అను ఫ్లేవనాయిడు పైపొరలయందు మిక్కుటము. లోపలికి పోవుకొలది తగ్గును. తెల్లనీరుల్లిలో లేదన్నంత స్వల్పము. ఉడికించినప్పుడు కొంత నీటిలోనికి దిగును. ఆ నీరు పులుసైనచో మిగులును, పారబోసినచో పోవును. ప్రశ్నావళికి మాత్ర మివన్నియు నొక్క ఉల్లిపాయయే.

ఇది కేవలము తర్కము కాదు. 1993లో హెర్టాగ్ మొదలగువారు హాలెండులోని జూట్‌ఫెన్ పట్టణమున 65 మొదలు 84 ఏండ్ల వరకు గల 805 మంది పురుషుల ఆహారచరిత్రను పరిశీలించి, వారు దినమునకు సగటున 25.9 మిల్లీగ్రాముల ఫ్లేవనాయిడులు గ్రహించుచున్నారనియు, అందు నూటికి 61 వంతులు తేనీటివలననే వచ్చుచున్నదనియు, ఎక్కువ గ్రహించినవారిలో గుండెజబ్బు మరణములు తక్కువయనియు ప్రకటించిరి. నాలుగేండ్లకు, 1997లో, అదే హెర్టాగ్ వేల్సులోని కేర్‌ఫిలీ పురుషుల నించుమించు 1900 మందిని పరిశీలింపగా సగటు దాదాపు అంతయే తేలినది. మేలు మాత్రము కానరాలేదు. అచ్చటివారు తేనీటిలో పాలు పోసికొందురు గనుక ఫలము దక్కలేదేమోయని కొందరూహించిరి. తేనీరెక్కువగా త్రాగువారిలో పొగత్రాగువారును, కాయకష్టము చేయువారును అధికముగా నుండుట మరియొక కారణము కావచ్చును. సగటు ఒక్కటియైనంతమాత్రమున తినుతీరు ఒక్కటి కాదని ఈ రెండు పరిశోధనలు పక్కపక్కన నుంచి చదివినవారికి తెలియకపోదు.

ఇక తెలుగువారి వంటింటికి వత్తము. తోటకూర పప్పు జాబితాలో పప్పుక్రింద చేరవలెనా, ఆకుకూరలక్రిందనా? రెంటను చేర్చినచో లెక్క పెరుగును, ఒకదాన విడిచినచో తరుగును. చింతపండు, పసుపు, ఇంగువ ఎవరును తినుచున్నామని తలపని వస్తువులు. కూరలో కరివేపాకును తీసివేయుట సామెతకెక్కిన సంగతియే. ప్రశ్నావళియు దానినట్లే తీసివేయుచున్నది. కాని కరివేపాకు పొడి కలుపుకొని తినువారు ఆకును సమూలముగా మ్రింగుచున్నారు గదా! పరిమాణమును గూర్చి అడుగునపుడు వడ్డించు గృహిణికి తెలిసినంత తినువానికి తెలియదు. మధుమేహమునకై ఆకుకూరలు తినుమని వైద్యునిచేత చెప్పించుకొన్నవాడు, ప్రశ్నించువారి మెప్పునకై రెండుదినములను నాలుగని చెప్పుటయు కద్దు.

మనదేశమున ఈ లోపములను గుర్తించి చేసిన ప్రయత్నములు లేకపోలేదు. పల్లెలు విడిచి లక్నో, నాగపూరు, హైదరాబాదు, బెంగుళూరు కర్మాగారములకు చేరినవారిని, పల్లెయందే మిగిలిన వారి తోబుట్టువులను పోల్చిన పరిశోధనకై రూపొందించి 2012లో ప్రకటించిన ప్రశ్నావళిలో 184 పదార్థములు కలవు. గ్రాముల నడుగక గరిటెల నడుగుట అందలి వివేకము. 1918లో కూనూరున చిన్న విచారణాలయముగా పుట్టి, తరువాత హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహారపదార్థముల పట్టికలను వెలువరించినది. వానిలో పాలీఫినాలులకును స్థానము కలదు; ఆకుపచ్చ గోంగూరయు ఎర్రగోంగూరయు వేరువేరుగా చూపబడినవి. పట్టిక ఇంత సూక్ష్మముగా నుండగా ప్రశ్నావళి "ఆకుకూరలు" అని ఒక్కమాటతో ముగించినచో ఆ సూక్ష్మత యెవరికి?

తరతరములుగా ఇతర రాష్ట్రములందు స్థిరపడిన తెలుగు కుటుంబముల విషయమున చిక్కు రెట్టింపగును. గోంగూరయే తమిళనాట పుళిచ్చకీరై, ఉత్తర కర్ణాటకమున పుండి, మహారాష్ట్రమున అంబాడీ. మధురలో ఇంట తెలుగు మాటాడువారు తమిళ ప్రశ్నావళికే సమాధానమిత్తురు. సోలాపురపు పద్మశాలీలు మరాఠీ ప్రశ్నావళికి. అందు లేని పేరునకు లెక్కయు లేదు. ఇంట నిలిచిన తెలుగువంటయు, పొరుగువారివలన నేర్చిన వంటయు కలసిన ఆ భోజనము రాష్ట్రపు సగటులో కరగిపోవును. ఆ సగటునుండి వెలువడిన పథ్యమే మరల ఆ ఇంటికి వైద్యుని సలహాగా వచ్చును.

ప్రశ్నను విడిచి మూత్రమునే పరీక్షింపవలెనను పక్షము నేడు బలపడినది. ఇంగ్లండులోని నార్‌ఫోక్ ప్రాంతమున 25,618 మంది విషయమున అట్లు చేసి, ఫ్లేవనాలుల గ్రహణము అధికమైనవారిలో రక్తపుపోటు కొంత తక్కువగా నున్నదని 2020లో ప్రకటించిరి. జ్ఞాపకశక్తి తోడు అక్కరలేని కొలత యిది. కాని అది కొలుచునది అప్పటికి కొన్నిగంటల ముందు తినినదానిని మాత్రమే; ఖర్చును హెచ్చు. ఆ పదార్థము తేనీటినుండి వచ్చినదో, పండునుండి వచ్చినదో అది చెప్పజాలదు. దానికి మరల వడ్డించినవారినే అడుగవలెను. అడుగువారికి అంబాడీయు గోంగూరయు ఒక్కటేయని తెలిసియుండవలెను.