స్వర్ణాల తర్వాత నేర్చుకున్న కుస్తీ

2008 బీజింగ్ ఒలింపిక్స్ నాటికి జపాన్ మల్లయోధురాలు కావోరి ఇచోకు ఇరవై నాలుగేళ్లు. ఏథెన్స్‌లో ఒకటి, బీజింగ్‌లో ఒకటి, అప్పటికే రెండు స్వర్ణాలు. 63 కిలోల విభాగంలో ఆమెకు ఎదురు లేదు. అలాంటి మనిషి కొంతకాలం పోటీలు మానేసి, అక్క చిహారుతో కలిసి కెనడా వెళ్లొచ్చి, ఆ తర్వాత టోక్యోలో మగ మల్లయోధుల మధ్య మళ్లీ సాధనకు దిగింది. ఏథెన్స్‌లో కాంస్యం గెలిచిన చికారా తనాబె అక్కడ ఆమెకు నేర్పినవాళ్లలో ఒకడు.

ఆమె కెరీర్‌లో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఈ నిర్ణయమే. తనకన్నా బలమైనవాడితో తలపడినప్పుడు కాలు చేతికి చిక్కినంత మాత్రాన అతను పడిపోడు. తల ఏ వైపు ఉంచాలి, ఎదుటివాడి బరువు ఏ పాదం మీద ఉంది, ఎప్పుడు లాగాలి, ఎప్పుడు ఆగాలి అన్నవన్నీ మొదటినుంచీ ఆలోచించుకోవాల్సిందే. గెలుపు అలవాటైపోయినవాళ్లు రోజూ ఓడిపోయే చోటికి కావాలని వెళ్లడం ఎంత కష్టమో, ఏదో ఒక విద్యను చాలాకాలం పట్టుకుని ఉన్నవాళ్లకు తెలుస్తుంది.

ఆ సాధన విలువ ఏమిటో 2016 రియో ఫైనల్లో చూశాను. ఆ ఫైనల్‌కు ముందే ఆమె దెబ్బలు తిని ఉంది. తల్లి 2014లో చనిపోయింది. రియో ఏడాది జనవరిలోనే ఇచో రష్యాలో మంగోలియా అమ్మాయి ఒర్ఖోన్ పురెవ్‌దోర్జ్ చేతిలో 0-10తో ఓడింది. 2003 తర్వాత మ్యాట్ మీద ఆమెకు అదే తొలి ఓటమి. రియోలో 58 కిలోల ఫైనల్. ఎదుట రష్యాకు చెందిన వలేరియా కొబ్లొవా. 1-2తో వెనకబడింది, సమయం అయిపోవస్తోంది. ఆ చివరి క్షణాల్లో వచ్చిన రెండు పాయింట్లతో 3-2. తొందరపాటు ఎక్కడా లేదు. ఏ దారి తెరుచుకుంటుందో తెలిసిన దేహం అది. వరుసగా నాలుగు ఒలింపిక్స్‌లో వ్యక్తిగత స్వర్ణం గెలిచిన తొలి మహిళ అయింది. ప్రపంచ టైటిళ్లు పది ఉన్నాయి గానీ, నాకు ఆ కొన్ని క్షణాలే ఎక్కువ.

అంతటి ఆమెకు సాధన చేసుకునే చోటు కూడా కరవైందన్న ఫిర్యాదు 2018లో బయటికొచ్చింది. విచారణలో జపాన్ జట్టు శిక్షణ బాధ్యుడు ఆమెను వేధించినట్టు తేలింది, అతను పదవి వదులుకున్నాడు. నాలుగు స్వర్ణాలు తెచ్చిన మనిషికే ఇలా జరిగిందంటే కోపం వస్తుంది. పతకం లేని అమ్మాయిల మాట ఎవరు వింటారు?

ఆమె మళ్లీ మ్యాట్ ఎక్కింది. 2018 డిసెంబరులో జాతీయ పోటీల ఫైనల్లో రిసాకో కవాయిని ఓడించింది. కానీ 2019 జులైలో, టోక్యో ఒలింపిక్స్ దారి తేల్చే బౌట్లో స్కోరు 3-3 అయినా నిబంధనల ప్రకారం కవాయే గెలిచింది.

అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే ఒలింపిక్స్‌లో స్వర్ణాలు గెలవాలన్నది ఇచోల కల. చిహారు ఏథెన్స్‌లోనూ బీజింగ్‌లోనూ ఫైనల్ దాకా వచ్చి రజతంతోనే ఆగింది. 2021లో టోక్యోలో ఆ పని కవాయి అక్కాచెల్లెళ్లు చేశారు. చెల్లెలు యుకాకో 62 కిలోల్లో, మర్నాడు రిసాకో 57 కిలోల్లో.