కొలిచి చెప్పేవాళ్లు

ప్రోగ్రామ్ నెమ్మదిగా నడుస్తోందంటే కారణాలు ఊహించేవాళ్లు చాలామంది. కోడ్‌లో ఏ ముక్కకు ఎంతసేపు పడుతోందో కొలిచి చెప్పేవాళ్లు కొద్దిమందే. వాళ్ల పనితనమంటే నాకెంతో గౌరవం.

వాళ్లు ముందుగా సరైన గడియారం ఎంచుకుంటారు. స్క్రీన్ మీద కనిపించే టైమ్‌ను సిస్టమ్ నెట్‌వర్క్ ద్వారా సరిదిద్దుకుంటూ ఉంటుంది. మధ్యలో అది వెనక్కి జరిగిందా, లెక్క మైనస్‌లోకి పోవచ్చు. అందుకే పైథాన్‌లో 2012లో వచ్చిన 3.3 వెర్షన్ 'పెర్ఫ్ కౌంటర్' అనే గడియారాన్ని ఇచ్చింది. అది ముందుకే నడుస్తుంది. కోడ్ ముక్కకు ముందోసారి, తర్వాతోసారి దాన్ని చదివి, రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తారు.

ఒక్క కొలతతో సరిపెట్టుకోరు. పైథాన్‌లోని 'టైమిట్' ఫంక్షన్, వేరే సంఖ్య చెప్పకపోతే, ఆ ముక్కను 10 లక్షల సార్లు నడుపుతుంది. ఆ కాసేపూ, వాడని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్షన్‌ను ఆపి ఉంచుతుంది. ఇలా పలుమార్లు కొలిచి, వచ్చిన టైమ్‌లలో అతి తక్కువదాన్ని చూస్తారు. మిగతావాటిలో పక్క ప్రోగ్రాముల అడ్డంకులు కలిసి ఉంటాయి కనుక.

ఇంత ఓపిక పట్టాకే కోడ్ మీద చెయ్యి వేస్తారు. మార్చాక మళ్లీ కొలుస్తారు. ఫలితం లేకపోతే, ఎంత ముచ్చటపడి రాసిన మార్పునైనా తీసేస్తారు. ఆ నిజాయితీకే నా నమస్కారం.