పింగాణి పంటికి రంగుల పట్టిక చాలునా?

ముందుపన్ను విరిగినవారికి పింగాణి తొడుగు వేయుటకు పూర్వము దంతవైద్యుడు ఒక పట్టిక తీసి, అందలి నమూనాలను ఒక్కొక్కటిగా ప్రక్కపంటి సరసన ఉంచి చూచును. జర్మనీకి చెందిన వీటా సంస్థ 1956లో వెలువరించిన పట్టిక నేటికిని విరివిగా వాడుకలో నున్నది. అందులో నమూనాలు 16; ఏ, బి, సి, డి అని నాలుగు తెగలు. ఇంతకాలము నిలిచిన సాధనమును తేలికగా తీసివేయరాదు. అయినను దానిపై నా ఆక్షేపణ చిన్నది కాదు. రంగు అనునది పంటి పైనే అంటియున్న గుణమైనట్లు అది భావించుచున్నది.

మన తరగతులలో చెప్పు పాఠమును ఇట్టిదే. వస్తువు ఏ కాంతిని పరావర్తనము చేయునో అదియే దాని రంగు అని ముగింతుము. పంటి విషయమున ఈ వాక్యము చాలదు. దంతపు పైపొరను మన పుస్తకములు పింగాణి అనుచున్నవి. ఆ పేరే కొంత చిక్కు తెచ్చినది! అది జాడీల పింగాణి కాదు, కాంతిని కొంతవరకు లోనికి విడుచు ఖనిజపు పొర. లోనికి పోయిన కాంతి పసుపువన్నె గల డెంటిన్‌లో చెదరి వెలికి వచ్చును. అందుచేతనే పైపొర పలుచనగు చిగురుదగ్గర పన్ను పచ్చగాను, డెంటిన్ లేని కొనయంచున కొంచెము నీలిచాయతోను కనబడును. తొడుగునకు దొరకు మందము సాధారణముగా 1 నుండి 1.5 మిల్లీమీటర్లు. కాంతి దానిని దాటి, అడుగుననున్న పంటి మొదలును, అతికించిన సిమెంటును తాకి వచ్చును. మొదలు నల్లబడియున్న యెడల ఆ నలుపు పైకి తొంగిచూచును. అంతకంటె మందమైన నమూనాకు ఈ అడుగు లేదు. పోల్చునది ఒకటి, అమర్చునది మరొకటి!

ఇక వెలుతురు. చీరకు రవికగుడ్డ జతకూర్చు గృహిణి అంగడి దీపమును నమ్మక, గుడ్డను వాకిటికి తెచ్చి చూచును. ఒక దీపము క్రింద ఏకరంగుగా తోచిన రెండు వస్తువులు మరొక దీపము క్రింద వేరుపడుటను మెటామెరిజమ్ అందురు. పింగాణికి రంగునిచ్చునవి లోహపు ఆక్సైడులు. పంటికి రంగు వచ్చు దారి వేరు. కనుక వైద్యశాల దీపము క్రింద కుదిరిన జత ఎండలో కుదురునను హామీ లేదు.

అదే సంస్థ 1998లో తెచ్చిన కొత్త పట్టిక మేలైనది. ప్రకాశమును ముందు, గాఢతను తరువాత, వర్ణచ్ఛాయను చివర ఎంచుకొనుమని అది చెప్పును. ప్రకాశములోని తేడాయే కంటికి ముందు తగులును గనుక ఈ క్రమము సరియైనది. కొలిచి అంకెలిచ్చు యంత్రములును వచ్చినవి. కాని పంటిలో ప్రక్కకు వ్యాపించిన కాంతిలో కొంత వాని చిన్న కిటికీలోనికి తిరిగిరాదు. ఆ మేరకు పన్ను ఉన్నదానికంటె ముదురుగా లెక్కకు వచ్చును.

పట్టికకంటె పెద్ద తప్పు వేళది. పంటిని అరగదీసి ఆరబెట్టిన పిమ్మట రంగు చూచువారున్నారు. ఆరిన పైపొర సూక్ష్మరంధ్రములలో నీటికి బదులు గాలి చేరును; కాంతి హెచ్చుగా చెదరి పన్ను తెల్లబారును. అప్పుడు ఎంచిన రంగు ఆ క్షణమునకు చక్కగా సరిపోవును. ప్రక్కపన్ను తిరిగి తడిసి తన రంగునకు రాగానే తొడుగు ఒక్కటియే తెల్లగా మిగులును.